సీఓపీడీ ఉన్నవారికి రాత్రిపూట బైపాప్: ఇంట్లో వాడే తీరు

బైపాప్ అంటే మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయం చేసే మిషన్, ఆక్సిజన్ మిషన్ కాదు. ఇంట్లో జరిగే చాలా పొరపాట్లు ఈ సంగతి తెలియకే జరుగుతాయి. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు సన్నబడే దీర్ఘకాలిక జబ్బు) ముదిరినవారికి నిద్రపట్టగానే ఊపిరి పైపైన ఆడుతుంది. కలలొచ్చే దశలోనైతే డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) తప్ప మిగతా శ్వాస కండరాలు దాదాపుగా సడలిపోతాయి. బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుంటుంది. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మత్తు ఉంటే దీన్నే అనుమానించాలి. పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో బైపాప్ గాలి ఇస్తుంది. ఆ రెంటి మధ్య తేడా వల్లే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఒకే ఒత్తిడితో గాలి ఇచ్చే సీపాప్ మిషన్‌లో ఆ తేడా ఉండదు. అది గురకతో గొంతు మూసుకుపోయేవారికి పనికొస్తుంది గానీ, ధర తక్కువని బైపాప్‌కు బదులు తెచ్చుకోకూడదు.

వేలికి పెట్టిన ఆక్సీమీటర్‌లో 95 కనబడితే ఇంటిల్లిపాదీ ఊరట పడతారు. ఆ అంకె కార్బన్ డయాక్సైడ్ గురించి ఏమీ చెప్పదు. దానికి మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షే ఆధారం. అందులో కార్బన్ డయాక్సైడ్ మామూలుగా 35 నుంచి 45 మిల్లీమీటర్లు (పాదరసం కొలత) ఉండాలి. ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేరి, బైపాప్ మీద కోలుకున్న ప్రతి ఒక్కరికీ ఇంటి దగ్గర అది అవసరం కాదు. 2 నుంచి 4 వారాల తర్వాత మళ్లీ ఏబీజీ చేసి, కార్బన్ డయాక్సైడ్ అప్పటికీ ఎక్కువగానే ఉంటే ఇంటికి బైపాప్ రాయడం ఎక్కువగా పాటించే పద్ధతి. కొందరికి మాత్రం డిశ్చార్జి రోజు నుంచే కావాలి. అలా రాసిస్తే ఆలస్యం చేయొద్దు.

మోడ్, పై ఒత్తిడి, కింది ఒత్తిడి, నిమిషానికి బ్యాకప్ శ్వాసలు (మనిషి పీల్చకపోతే మిషనే ఇచ్చేవి), ఆక్సిజన్ ఎన్ని లీటర్లు అన్నవి డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. సాధారణంగా పై ఒత్తిడి 10–12, కింది ఒత్తిడి 4–5 సెంటీమీటర్లతో (నీటి ఒత్తిడి కొలత) మొదలుపెట్టి, పై ఒత్తిడిని మెల్లగా 20 దాకా, కొందరికి అంతకన్నా పైకీ పెంచుతారు. గాలి జోరుగా ఉందని ఇంట్లోవాళ్లు దాన్ని 12కు తగ్గించేస్తే మిషన్ రాత్రంతా నడుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం దిగదు.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది మాస్క్ మీద. ఇంటి మిషన్‌కు ఒకటే ట్యూబు ఉంటుంది కాబట్టి, వదిలిన గాలి మాస్క్‌కున్న సన్నటి రంధ్రాల్లోంచే బయటికి పోవాలి. అక్కడ బుస్సుమనే గాలి లీకు కాదు, దానికి టేపు వేయకూడదు. ఐసీయూలో వాడిన మాస్క్‌ను ఇంటికి తెచ్చి తగిలిస్తే ప్రమాదం: చాలావాటికి ఆ రంధ్రాలు ఉండవు, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు.

మాస్క్‌ను కూర్చోబెట్టి కాదు, పడుకోబెట్టి బిగించాలి. పట్టుడు పళ్లు తీసి పడుకునేవారైతే అవి తీశాకే కొలత చూడాలి. ముఖానికి నూనె, క్రీము లేకుండా కడగండి. జిడ్డుంటే మాస్క్ జారుతుంది, సిలికాన్ త్వరగా పాడవుతుంది. పట్టీలు వదులుగా తగిలించి, మిషన్ ఆన్ చేసి, మాస్క్‌ను ముఖం నుంచి కొంచెం ముందుకు లాగి వదలండి. లోపలి మెత్తటి అంచు గాలికి ఉబ్బి తనంతట తాను కుదురుకుంటుంది. ఆ తర్వాతే రెండు వైపులా సమానంగా బిగించాలి. పట్టీ కింద వేలు సులువుగా దూరాలి. లీకు కనబడగానే ఇంకా బిగించడం అందరూ చేసే పనే, కానీ దానివల్ల అంచు ముడతపడి లీకు పెరుగుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. వదులు చేసి మళ్లీ మొదటి నుంచి పెట్టండి. ముక్కు దూలం ఎర్రబడితే పుండయ్యేదాకా ఆగకుండా హైడ్రోకొల్లాయిడ్ పట్టీ (చర్మాన్ని కాపాడే మెత్తటి అంటుపట్టీ) అంటించండి. పైనుంచి కళ్లలోకి గాలి కొడితే కళ్లు ఎర్రబడి మంట పుడతాయి. దట్టమైన మీసమున్నా లీకు తప్పదు, కత్తిరించమని చెప్పడం తేలిక గానీ ఒప్పించడం మీ ఇంటి సంగతి. ముక్కు మాస్క్ వాడుతూ పొద్దునకు నోరు పిడచగట్టుకుపోతుంటే గాలి నోట్లోంచి పోతోందని అర్థం. ముక్కూ నోరూ కప్పే మాస్క్ అడగండి. మాస్క్ తనంతట తాను తీసుకోలేని మనిషికి మాత్రం అలాంటిది డాక్టర్‌ను అడగకుండా పెట్టకండి. వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మొదటి రోజే రాత్రంతా పెట్టమంటే ఎవరికైనా ఊపిరాడనట్టే ఉంటుంది. పగలు కూర్చోబెట్టి, పట్టీలు లేకుండా మాస్క్‌ను వాళ్ల చేత్తోనే పట్టుకోనిచ్చి, 15–20 నిమిషాలు టీవీ చూడనివ్వండి. అలవాటయ్యాక నిద్రపోయినంతసేపూ ఉండాలి, మధ్యాహ్నం కునుకుతో సహా. రాత్రి భోజనం రెండు గంటల ముందే ముగించి, తలవైపు ఎత్తు పెడితే కడుపుబ్బరం తగ్గుతుంది.

గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి, రోజూ మార్చాలి. బోరు నీళ్లు పోస్తే అడుగున తెల్లటి పొర గడుతుంది. ఏసీ గదిలో ట్యూబులో నీళ్లు చేరి గుడగుడమంటే మిషన్‌ను తల కన్నా కిందికి దించి, ట్యూబును దుప్పటి కింద పెట్టండి. మాస్క్ అంచును రోజూ, ట్యూబును వారానికోసారి తేలిక సబ్బునీటితో కడిగి నీడలో ఆరేయాలి. డెట్టాల్, స్పిరిట్ వద్దు.

ఆక్సిజన్ కలిపితే ముందు మిషన్, తర్వాత ఆక్సిజన్ ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్. సీఓపీడీ వారికి ఆక్సీమీటర్‌లో సాధారణంగా 88–92 శాతం చాలు. ఇంకా బాగుంటుందని లీటర్లు పెంచితే కార్బన్ డయాక్సైడ్ పెరగవచ్చు. ఆ గదిలో దీపం, అగరుబత్తి, బీడీ ఏవీ ఉండకూడదు.

ఇన్వర్టర్ సైన్ వేవ్‌దై ఉండాలి, యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. బ్యాటరీని ఎక్కువగా తినేది హ్యుమిడిఫయర్ హీటరే. కరెంటు పోయినప్పుడు దాన్ని ఆపేయండి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) కూడా అదే ఇన్వర్టర్ మీద ఉంటే లెక్క మారుతుంది: 5 లీటర్లది ఒక్కటే 300 వాట్లకు పైగా తీసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ మిషన్ కొంటే మాస్క్, ట్యూబు, ఫిల్టర్ కొత్తవి వేయించి, పాత పేషెంటు సెట్టింగులు మార్పించండి. ఫిలిప్స్ మిషన్ అయితే సీరియల్ నంబరు తప్పక చూడాలి: లోపలి ఫోమ్ పొడి అవుతుందని 2021 జూన్‌లో ఆ సంస్థ చాలా మోడళ్లను వెనక్కి పిలిచింది.

చెకప్‌కు వెళ్లేటప్పుడు మాస్క్, మిషన్‌లోని మెమరీ కార్డు పట్టుకెళ్లండి. రోజుకు ఎన్ని గంటలు వాడారో, ఎంత లీకయిందో ఆ కార్డులో ఉంటుంది. ఏబీజీతో కలిపి చూస్తేనే ఒత్తిడి చాలుతోందో లేదో తేలుతుంది. ఈలోగా మనిషి లేపినా సరిగ్గా లేవకపోయినా, మాట తడబడినా, ఉన్నట్టుండి ఛాతీలో నొప్పితో ఆయాసం వచ్చినా సెట్టింగులతో కుస్తీ పట్టకుండా 108కి ఫోన్ చేయండి. వాంతి అవుతుంటే ముందు మాస్క్ తీసేయండి. ఆస్పత్రికి మిషన్‌నూ, ఆ సెట్టింగుల కాగితాన్నీ వెంట తీసుకెళ్లండి.