కాటా లేకుండా పంది బరువు, అమ్మే అదను
లంక ఊళ్లలో పందిని కాటా దాకా తోలలేక కంటి అంచనాకే బేరం తెంపేస్తుంటారు. దర్జీ టేపు చాలు. పొద్దున మేత వేయకముందు, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా వీపు పొడవు అంగుళాల్లో తీయండి. చుట్టుకొలత × చుట్టుకొలత × పొడవు ÷ 880 = కిలోలు. చుట్టుకొలత 40, పొడవు 44 అయితే 80 కిలోలు.

70 కిలోలు దాటాక 15 రోజులకోసారి కొలవండి. ఆ 15 రోజుల మేత ఖర్చును పెరిగిన కిలోలతో భాగించండి. అది లైవ్ రేటును (బతికున్న పందికి కిలోకు పలికే ధరను) మించితే ఇక ఆపకుండా అమ్మేయాలి. సంకరజాతి పంది 90–100 కిలోలు దాటాక మేతలో ఎక్కువ భాగం కొవ్వుకే పోతుంది. తవుడు, నూకల మీదే పెంచితే ఇంకా ముందే కొవ్వు పడుతుంది, మాంసం కొనేవాళ్లు దానికి ధర కోస్తారు.

చూడి పందికి ఈ లెక్క పనికిరాదు. తల పైకెత్తి నిలబడినా పొడవు తగ్గి బరువు తప్పు వస్తుంది.