చెరువు గాలంతో సముద్రం ఒడ్డుకు వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

చెరువుల్లో, కాలువల్లో ఏళ్ల తరబడి గాలం వేసినవాళ్లకు విశాఖపట్నం రాగానే చెయ్యి ఊరుకోదు. కర్ర ఉంది, రీలు ఉంది, ఎదురుగా కావలసినన్ని నీళ్లు! చేప గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది తక్కువే. ఇబ్బందంతా నీళ్లతోనే. చెరువు గట్టు మీద మీరు కూర్చున్న చోటికి నీళ్లు ఎక్కి రావు. ఇక్కడ వస్తాయి. అందుకే మొదటిసారి వెళ్లేటప్పుడు ఎక్కడ నిలబడాలి, ఏ రోజు వెళ్లకూడదు అన్నవి ముందు తేల్చుకోవాలి. ఎర, గాలం సైజు తర్వాతి మాట.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు సముద్రం ఎగసిపడుతూ ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2014లో హుద్‌హుద్ ఈ నగరాన్ని తాకింది అక్టోబరు 12నే. కొత్తవాళ్లకు జనవరి, ఫిబ్రవరి ఉదయాలు నయం. ఏ నెలలో వెళ్లినా, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల అంచనాలు, హెచ్చరికలు ముందురోజే చూసుకోండి. దూరంగా ఎక్కడో వాయుగుండం పడితే చాలు, ఇక్కడ ఎండ కాస్తున్నా పెద్ద కెరటాలు వచ్చేస్తాయి. ఆకాశం బాగుందని బయల్దేరకూడదు. ఒడ్డున జాలర్లు పడవలు పైకి లాగేసి వలలు బాగుచేసుకుంటుంటే ఓసారి అడగండి. ‘ఇవాళ బాగోలేదు బాబూ’ అన్నారంటే టీ తాగి వచ్చేయండి, బేరాలొద్దు. (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు మరపడవలు ఒడ్డున ఉండటానికి కారణం అది.)

విదేశీ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఆటుపోట్ల గురించి మరీ కంగారుపడతారు. ఇంగ్లండ్‌లో కొన్ని తీరాల్లో పోటుకీ పాటుకీ పది మీటర్ల పైనే తేడా ఉంటుంది. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా ఒకటిన్నర మీటరు అటూఇటూ. ఆరు గంటల పైచిలుకులో నీరు పూర్తిగా ఎక్కుతుంది, అంతే సమయంలో దిగుతుంది. అలాగని తీసిపారేయకండి. పాటు మీద మోకాలి లోతులో దాటి వెళ్లిన దారి, పోటు ఎక్కేసరికి ఛాతీ లోతవుతుంది, పైన కెరటం ఉండనే ఉంది. మొదటిసారికి ఇసుక ఒడ్డే మేలు. నీళ్లలోకి దిగకుండా, తడి ఇసుక దాటకుండా వేసుకోండి. భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు చెరువు చేతికి కాస్త అలవాటైనట్టే ఉంటుంది కానీ, పాటు మీద మొగ దగ్గర నీరు సముద్రంలోకి గట్టిగా లాగుతుంది, ఇసుక అంచు కాళ్ల కింద విరిగిపోతుంది. దానికి దూరంగా ఉండాలి.

తెన్నేటి పార్కు కింద, యారాడ వైపు రాళ్లు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. తొలిసారి వాటి జోలికి పోవద్దనే నా మాట. తర్వాతెప్పుడైనా వెళ్తే, కర్ర విప్పకుండా వెనకే నిలబడి ఇరవై నిమిషాలు సముద్రాన్ని చూడండి. చాలాసేపు చిన్న కెరటాలే వస్తాయి, ఆ తర్వాత వరసగా మూడు నాలుగు పెద్దవి వస్తాయి. మనుషులను లాక్కెళ్లేవి అవే. తడిగా, నల్లగా ఉన్న రాయి మీదికి కెరటం వస్తూ పోతూ ఉందన్నమాటే. పచ్చగా పాచి ఉంటే ఇక అడగక్కర్లేదు. ఎర గుచ్చేటప్పుడు కూడా సముద్రానికి వీపు పెట్టకండి. హవాయి చెప్పులు, లుంగీ వద్దు. లైఫ్ జాకెట్ వేసుకోండి, తోడు లేకుండా వెళ్లకండి. హార్బర్ గోడల మీద పేర్చిన సిమెంటు దిమ్మలైతే ఎప్పటికీ వద్దు, సందులో పడితే బయటికి లాగడమే కష్టం.

ఖాళీ ఇరవై లీటర్ల క్యానుకు మూత బిగించి, పొడవాటి తాడు కట్టి దగ్గర పెట్టుకోండి. ఎవరైనా పడితే దూకకుండా అది విసరాలి, 112కి ఫోన్ చేయాలి. కోస్ట్‌గార్డు నంబరు 1554. పడింది మీరే అయితే రాళ్లెక్కాలని కొట్టుకోకుండా వాటి నుంచి దూరంగా జరిగి తేలుతూ ఉండండి. లోపలికి లాగే ప్రవాహానికి ఎదురీదితే ఒంట్లో సత్తువ అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగడం తగ్గాక ఒడ్డుకు తిరగాలి.

ఉరుము వినిపిస్తే కర్ర కింద పెట్టేసి, కారులోకో పక్కా భవనంలోకో వెళ్లాలి. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది.

చెరువు కర్రకు వంద గ్రాముల సీసం కట్టి బలంకొద్దీ విసిరితే కర్రైనా విరుగుతుంది, తంగూసైనా తెగుతుంది. తెగిన సీసం ఎవరి తలకు తగులుతుందో చెప్పలేం. కర్ర మీద రాసి ఉన్న బరువు దాటకండి, విసిరే ముందు వెనక్కి చూడండి. గాలం రాతికి పట్టేస్తే దారాన్ని చేతికి చుట్టి లాగొద్దు, చిన్న కర్రకు చుట్టి లాగండి.

ముందుగా పడేది జెల్లే కావచ్చు. చెరువు జెల్లను పట్టినట్టు దీన్ని పట్టుకోకండి. వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు, మొత్తం మూడు ముళ్లు. అంచున రంపంలా పళ్లుంటాయి, గుచ్చితే విషం ఎక్కుతుంది. కాలితో తొక్కిపెడితే చెప్పు అడుగులోంచి దిగుతుంది. నోస్ ప్లయర్‌తో (సన్నమూతి పట్టకారుతో) గాలం కాడ పట్టుకుని, తలకిందులుగా తిప్పి విదిలించండి. రాకపోతే దారం కోసేయండి. గుచ్చుకుంటే చెయ్యి తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, నలభై అయిదు డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. వేడి ఎంతుందో మంచి చేత్తో చూడండి, నొప్పిలో ఉన్న చేతికి కాలడం తెలియదు. వేడినీళ్ల ఫ్లాస్కు వెంట తీసుకెళ్లాల్సింది అందుకే. తర్వాత డాక్టరుకు చూపించి ధనుర్వాతం టీకా వేయించుకోవాలి. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా 108. తోకలో ముల్లున్న టేకు చేప గుచ్చినా వేడినీళ్లే, కానీ ఆ గాయం లోతుగా ఉంటుంది, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పొట్ట బెలూన్‌లా ఉబ్బించే చేపను కూరకు తేవద్దు. దాని విషం వండినా పోదు, పిల్లులకు కూడా వేయకండి. దారం చుడుతుంటే జిగురు పోగులు అంటుకుని వస్తే అవి జెల్లీఫిష్‌వి. చేత్తో తుడవకుండా గుడ్డతో తీయండి, ఆ చేత్తో కళ్లు నలపకండి.

ఇంటికి రాగానే రీలును, కర్రను మంచినీళ్లతో మెల్లగా కడిగి ఆరబెట్టండి. పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. వాడిన గాలాలను విడిగా ఉంచండి, డబ్బాలో కలిపేస్తే మిగతావాటికీ తుప్పు పడుతుంది.