పాత వింటేజ్ పోర్ట్ వైన్ తెరుస్తున్నారా?
పోర్చుగల్ డోరో లోయలో ఒకే ఏడాది ద్రాక్షతో తయారయ్యే తియ్యటి, ఘాటైన వైన్ ఈ వింటేజ్ పోర్ట్. దీన్ని పీపాల్లో రెండు మూడేళ్లే ఉంచి, వడకట్టకుండా సీసాకెత్తుతారు. అందుకే 1977 నాటి సీసా అడుగున మడ్డి దండిగా ఉంటుంది. ఒకరోజు ముందే సీసాను నిలబెట్టండి. వంచేటప్పుడు సీసా మెడ వెనక సెల్‌ఫోన్ లైట్ పెట్టుకుని, మధ్యలో ఆపకుండా సన్నటి ధారగా వేరే పాత్రలోకి పొయ్యండి. నల్లటి మడ్డి మెడ దాకా రాగానే ఆపేయాలి. కార్క్ పొడైపోయినా టెన్షన్ వద్దు, పల్చటి గుడ్డలో వడకట్టుకోవచ్చు.

గ్లాసుని తెల్ల కాగితం మీద వంచి చూడండి. అంచు ఇటుక రంగుకి తిరిగిందంటే బాగా ముదిరినట్టే. వాసనలో అంజీర్, ఎండు ద్రాక్ష, కాస్త పొగాకు తగులుతాయి. వెనిగర్ ఘాటు కొడితే మాత్రం, ఎంత ఖరీదైనదైనా, పాడైనట్టే. ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది కాబట్టి 16–18 డిగ్రీల చల్లదనం మేలు. మన ఎండాకాలం గది వేడిలో మంటే మిగులుతుంది. తెరిచాక రెండ్రోజుల్లో పూర్తిచేయండి.