కంపారేటర్‌కి రిలే తగిలించే ముందు హిస్టెరిసిస్ సంగతి చూసుకోండి

ఎల్‌డీఆర్ (వెలుతురుని బట్టి మారే రెసిస్టర్), టెంపరేచర్ సెన్సర్ లాంటి మెల్లగా మారే సిగ్నల్‌ని కంపారేటర్‌కి (రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చూసి అవుట్‌పుట్ మార్చే ఐసీకి) నేరుగా ఇస్తే అది రిఫరెన్స్ వోల్టేజ్ (మనం పెట్టుకున్న హద్దు) దగ్గరికి వచ్చాక నాయిస్ వల్ల పైకీ కిందకీ దాటుతూనే ఉంటుంది, దాటిన ప్రతిసారీ అవుట్‌పుట్ మారిపోద్ది, రిలే టకటకా కొట్టుకుని కాంటాక్టులు మాడిపోతాయి. అందుకే అవుట్‌పుట్ నుంచి ప్లస్ పిన్‌కి ఒక ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ వేస్తాం, అప్పుడు ఆన్‌కి ఒక లెవెల్, ఆఫ్‌కి ఇంకో లెవెల్ వస్తాయి, మధ్యలో నాయిస్ ఎంత గెంతినా అవుట్‌పుట్ కదలదు. ఈ రెండు లెవెల్స్ మధ్య గ్యాపే హిస్టెరిసిస్.

ఎంత గ్యాప్ కావాలో మాత్రం గాల్లో లెక్కలేయొద్దు. రిలే, మోటార్ అన్నీ ఆన్‌లో ఉంచి ఆసిలోస్కోప్‌లో నాయిస్ పీక్ టు పీక్ (కింది కొస నుంచి పై కొస దాకా) చూడండి, గ్యాప్ దానికంటే ఎక్కువ ఉండాలి. ఆర్ఎంఎస్ విలువ (ఒక రకం సగటు) చూసి సరిపెట్టుకుంటే దెబ్బే, పీక్ టు పీక్ దానికి ఆరు రెట్లకి పైనే ఉంటుంది.

సిగ్నల్ మైనస్ పిన్‌కి ఇచ్చి, రిఫరెన్స్ నుంచి ప్లస్ పిన్‌కి 10కె (కిలోఓమ్) రెసిస్టర్, ఫీడ్‌బ్యాక్‌కి 1 మెగ్ (మెగాఓమ్) వేస్తే 5 వోల్టుల అవుట్‌పుట్ మీద గ్యాప్ దాదాపు 50 మిల్లీవోల్టులు. తక్కువే అనిపిస్తుంది కదా, కానీ ఎల్ఎం35 టెంపరేచర్ సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులే ఇస్తుంది కాబట్టి అది ఏకంగా 5 డిగ్రీల తేడా! ఇంకా నాయిస్ ఉందని ఫీడ్‌బ్యాక్ 100కె చేశారంటే 45 డిగ్రీలు, ఇక ఆ కంట్రోలర్ ఎందుకు చెప్పండి. ఇలాంటి చోట ముందు సిగ్నల్ లైన్‌లో ఆర్‌సీ ఫిల్టర్ (రెసిస్టర్, కెపాసిటర్ జత) పెట్టి నాయిస్ తగ్గించి, ఆ తర్వాతే చిన్న గ్యాప్ ఇవ్వడం నయం. ఆ కెపాసిటర్‌ని ఫీడ్‌బ్యాక్ వచ్చే ప్లస్ పిన్ మీద మాత్రం పెట్టకండి, ఫీడ్‌బ్యాక్ లేటయిపోయి మళ్ళీ టకటకలే.

ఎల్ఎం393 కంపారేటర్ వాడేవాళ్ళు పుల్‌అప్ (అవుట్‌పుట్ నుంచి సప్లైకి వేసే రెసిస్టర్) మర్చిపోవద్దు, అది ఓపెన్ కలెక్టర్, అంటే అవుట్‌పుట్‌ని కిందకి లాగగలదే కానీ తనంతట తాను హై ఇవ్వలేదు. పుల్‌అప్ విలువ ఫీడ్‌బ్యాక్ కంటే బాగా తక్కువ ఉండాలి, లేకపోతే అవుట్‌పుట్ హైలో అది కూడా ఫీడ్‌బ్యాక్‌కి కలిసి లెక్క తప్పుద్ది. సప్లైకి దగ్గర్లో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఎలాగూ వేస్తారు. అవుట్‌పుట్ ట్రాక్‌ని ఇన్‌పుట్ పక్కనుంచి లాగకండి.

రిలే తగిలించే ముందు సెన్సర్ బదులు ఒక పాట్ (తిప్పి వోల్టేజ్ మార్చే రెసిస్టర్) పెట్టి మెల్లగా పైకీ కిందకీ తిప్పి, అవుట్‌పుట్ మారిన రెండు వోల్టేజీలూ మీటర్‌తో కొలిచి రాసుకోండి, లెక్కకి దగ్గరగా వస్తేనే రిలే.