ఎల్ఈడీ కింద మొక్కలు డీలా పడుతున్నాయా? ముందు గాలి సంగతి చూడండి

ఎల్ఈడీ లైట్ల కింద పెంచే మొక్కలో ఏ తేడా కనిపించినా ముందు ఎరువు మారుస్తాం, లేదంటే లైటు ఎత్తు మారుస్తాం. గాలి మీదకు మన అనుమానం చివరికి గానీ పోదు. నేను రెండు విడతల లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) అలాగే పోగొట్టుకున్నాను.

లేత ఆకుల అంచులు మాడుతున్నాయి

బయటి ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి. నడిమధ్యలో ముడుచుకున్న ఆకుల్ని మెల్లగా విప్పి చూస్తే, గోరంత ఆకు అంచున సన్నటి గోధుమరంగు గీత కనిపిస్తుంది. అది కాల్షియం అందక వచ్చేదే, కానీ చాలాసార్లు నీళ్లలో కాల్షియం లేక కాదు. కాల్షియం నీటితో పాటే పైకి ఎక్కుతుంది. ఆకు నుంచి తేమ ఆవిరైతేనే వేరు నుంచి నీరు పైకి లాగబడుతుంది. గాలి కదలకపోతే ఆకు చుట్టూ తడిగాలి పొరలా నిలిచిపోయి ఆవిరవడం తగ్గుతుంది. పాత సోడియం దీపాల వేడి నేరుగా ఆకుకు తగిలేది. ఎల్ఈడీ కాంతిలో ఆ పరారుణ వేడి తక్కువ కాబట్టి ఇబ్బంది ఇంకాస్త పెరుగుతుంది.

పరిష్కారం: చిన్న ఫ్యాన్ పెట్టి గాలి మొక్కల తలల మీదుగా సాగేలా చూడండి. టిష్యూ పేపర్‌ను సన్నగా చీల్చి మొక్కల మధ్య వేలాడదీయండి. అది ఆగకుండా మెల్లగా ఊగుతుంటే చాలు. మాడిన అంచు మళ్లీ పచ్చబడదు, కొత్తగా వచ్చే ఆకుల్ని చూసి తేల్చుకోవాలి. కాల్షియం మందు కొనే ముందు ఇది చేయండి.

లైటు బాగానే ఉంది, మొక్క ఎదగడం లేదు

మూసి ఉంచిన టెంట్‌లోనో అల్మరాలోనో పెంచుతుంటే కార్బన్ డయాక్సైడ్ అయిపోతూ ఉండొచ్చు. 60 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు, 160 సెం.మీ. ఎత్తున్న టెంట్‌లో పట్టేది 576 లీటర్ల గాలి. బయటి గాలిలో ఈ వాయువు సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు. ఆ లెక్కన టెంట్ మొత్తంలో ఉన్నది పావు లీటరు, తూకంలో అర గ్రాము కూడా రాదు! గట్టి వెలుతురులో నిండుగా ఆకులున్న మొక్కలు ఒకటి రెండు గంటల్లోనే అందులో చాలా భాగం లాగేసుకుంటాయి.

మీటర్ కొంటే ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కిరణాలతో ఈ వాయువును నేరుగా కొలిచేది) ఉన్నదే కొనండి. మరీ చవక మీటర్లలో చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌ను కొలవవు, వేరే వాయువుల్ని బట్టి ఒక అంకె చూపిస్తాయి. ముందు ఆరుబయట పెట్టి 420 దగ్గరలో చూపిస్తోందో లేదో గమనించండి. ఆ తర్వాత లైటు వేసిన మూడు గంటలకు టెంట్ లోపల చూడండి. 300 కన్నా కిందికి పడితే కొత్త గాలి రావడం లేదన్నమాట.

పరిష్కారం: కింద గాలి లోపలికి వచ్చే దారి, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్. మనుషులు తిరిగే గదిలో మన ఊపిరి వల్లే 600 నుంచి 1000 పీపీఎం దాకా ఉంటుంది కాబట్టి గది గాలి లాక్కున్నా సరిపోతుంది. టెంట్ గోడలు లోపలికి పీల్చుకుపోతుంటే కింది దారి చాలడం లేదు, టెంట్‌కున్న ఇంకో కిటికీ తెరవండి.

తెల్లారేసరికి ఆకుల మీద నీటి బొట్లు, బూజు

లైటు ఆర్పగానే లోపల చల్లబడి తేమ శాతం పెరుగుతుంది. చాలామంది లైటుతో పాటే ఫ్యాన్ కూడా ఆపేస్తారు, బూజు మొదలయ్యేది అక్కడే. రాత్రంతా ఫ్యాన్ తక్కువ స్పీడులో తిరగనివ్వండి. నీళ్లు పొద్దున లైటు వేశాక పోయండి.

ఫ్యాన్ వైపు ఆకులు మాత్రమే ముడుచుకున్నాయి

గాలి సూటిగా కొడుతోంది. ఫ్యాన్‌ను గోడ వైపు తిప్పండి.

సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఇవ్వాలా?

పైవన్నీ సరిచేశాక, వెలుతురు చాలా ఎక్కువగా ఉంటేనే 800 నుంచి 1200 పీపీఎం ఇస్తే లాభం. ఎగ్జాస్ట్ తిరుగుతుంటే ఇచ్చిందంతా బయటికే పోతుంది. రాత్రి మొక్కకు అది అక్కర్లేదు. ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు, లీకైనా తెలియదు. పని ప్రదేశాల్లో మనుషులు పీల్చే గాలిలో దీని 8 గంటల సగటు పరిమితి 5000 పీపీఎం. అందుకే మనుషులు పడుకునే గదిలో సిలిండర్ పెట్టకండి, ఇంకెక్కడైనా సరే కార్బన్ డయాక్సైడ్ అలారం బిగించాకే వాల్వ్ తిప్పండి.