రోహిణి కార్తెలో పందులకు ఖనిజ మిశ్రమం ఎలా పెట్టాలి?

మే నెలలో రాజాం, బొబ్బిలి, పాలకొండ వైపు ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. భోగాపురం, టెక్కలి లాంటి తీరం వైపు అంకె కాస్త తగ్గినా ఉక్కపోత చంపేస్తుంది. పందికి ఈ ఉక్కే పెద్ద శత్రువు. దానికి మనలా చెమట పట్టదు. రొప్పడం, తడిలో దొర్లడం తప్ప ఒళ్లు చల్లబరచుకునే దారి లేదు. గాలిలో తేమ నిండి ఉంటే ఎంత రొప్పినా వేడి దిగదు. పెరిగే పందులకు 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మన వేసవిలో రాత్రిపూట కూడా అంత చల్లదనం దొరకదు.

ఈ రోజుల్లో మినరల్ మిక్చర్ (ఖనిజ మిశ్రమం), ఎలక్ట్రోలైట్ (నీళ్లలో కలిపే లవణాల పొడి) ప్యాకెట్లు బాగా అమ్ముడుపోతాయి. అవి పనికొస్తాయి. కానీ నీళ్లు, నీడ సరిచూశాకే వాటి జోలికి వెళ్లాలి.

1. ముందు వడదెబ్బ గుర్తించండి

పడుకున్న పంది డొక్క ఎన్నిసార్లు కదులుతుందో నిమిషం పాటు లెక్కపెట్టండి. 20 నుంచి 30 సార్లయితే ఫర్వాలేదు. 40 దాటితే వేడి తగులుతున్నట్టే. తొట్టిలో మేత మిగలడం, పందులు దూరదూరంగా, తడి ఉన్న చోటే పడుకోవడం కూడా గుర్తులే. తెల్ల యార్క్‌షైర్ జాతికి ఎండకు చర్మం కూడా కమిలిపోతుంది.

2. నీళ్లు, నీడ

నిపుల్ (పంది నోటితో నొక్కి తాగే కుళాయి) కింద ఒక లీటరు సీసా పెట్టి చూడండి. పెరిగే పందులకైతే నిమిషంలో నిండాలి, పాలిచ్చే తల్లికి అర నిమిషంలో నిండాలి. తల్లి పంది రోజుకు 20 నుంచి 40 లీటర్ల దాకా తాగుతుంది. పైపు ఎండలో ఉంటే మధ్యాహ్నం నీళ్లు కాగిపోతాయి, పందులు మూతి పెట్టవు. పైపు మీద గోనెసంచి చుట్టండి, ట్యాంకును నీడలోకి మార్చండి. రేకుల కప్పుకు సున్నం కొట్టి, పైన తాటాకో కొబ్బరాకో పరచండి.

ఈ మెట్టు పూర్తిచేయకుండా కిందికి వెళ్లకండి. కారణం ఉప్పు. నీళ్లు అందని పందికి మామూలు మోతాదు ఉప్పు కూడా విషమవుతుంది. గుడ్డిదానిలా గోడకు గుద్దుకుంటుంది, వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి. మోటారు చెడి చాలాసేపు నీళ్లు లేకపోతే, వచ్చాక ఒక్కసారిగా తాగనివ్వకూడదు, మెదడు వాస్తుంది. కొంచెం కొంచెంగా ఇస్తూ డాక్టర్‌ను పిలవండి.

3. ఉప్పు లెక్క

సొంతంగా కలుపుకునే మేతలో 100 కిలోలకు 300 నుంచి 500 గ్రాముల ఉప్పు చాలు. అయితే మీ మేతలో ఇప్పటికే ఎంత ఉందో చూడాలి. హోటల్ మిగులులో సాంబారు, పచ్చళ్ల ఉప్పు ఉంటుంది. తీరంలో చవగ్గా దొరికే ఎండు చేపల పొడిలో ఇంకా ఎక్కువ. ఈ రెంటిలో ఏది వాడుతున్నా విడిగా ఉప్పు వేయకండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించాకే ఏదైనా కలపండి. (హోటల్ మిగులు బాగా మరిగించాకే పెట్టాలి, వేసవైనా వానాకాలమైనా.)

4. ఎలక్ట్రోలైట్లు

ఎక్కువగా రొప్పితే ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు అతిగా పోయి, రక్తంలో ఆమ్ల క్షార సమతూకం చెడుతుంది. దాన్ని సరిచేసుకునే క్రమంలో మూత్రంలో బైకార్బొనేట్, పొటాషియం పోతాయి. అందుకే సోడియం బైకార్బొనేట్, పొటాషియం క్లోరైడ్ ఉన్న పొడి ఇస్తారు. ప్యాకెట్ మీది మోతాదే కలపండి. పక్కన మామూలు నీళ్లు కూడా తప్పకుండా ఉంచండి, ఏది తాగాలో పందే ఎంచుకుంటుంది. ఎండ ముదిరిన రోజుల్లో ఇస్తే చాలు, వేసవంతా అక్కర్లేదు.

5. జింక్, సెలీనియం, క్రోమియం

వేడికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, పేగుకు తగ్గుతుంది. పేగు గోడ బలహీనపడి లోపలి విషాలు రక్తంలోకి చేరతాయి. ఆ గోడను గట్టిగా ఉంచడానికి జింక్ కావాలి. మన దగ్గర మేతలో తవుడు ఎక్కువ. తవుడులోని ఫైటేట్ అనే పదార్థం జింక్‌ను ఒంటికి పట్టనివ్వదు, దానికి తోడు సున్నపురాయి పొడి ఎక్కువేస్తే ఇంకా నష్టం. చర్మం మీద పొరలు, పెచ్చులు కడితే మందు పూసే ముందు ఈ కోణంలో కూడా చూడండి. తవుడు తగ్గించి నూకలు, మొక్కజొన్న పెంచితే జింక్ బాగా అందుతుంది, పీచు తగ్గి మేత అరిగేటప్పుడు పుట్టే వేడీ తగ్గుతుంది.

సెలీనియం, విటమిన్ ఇ కలిసి కణాలను కాపాడతాయి. కిలో మేతలో సెలీనియం 0.3 మిల్లీగ్రాములు మించకూడదు, 5 మిల్లీగ్రాములు దాటితే విషం. క్రోమియం కిలోకు 200 మైక్రోగ్రాముల మేర వాడతారు. ఇంత చిన్న తూకాలు ఇంట్లో కుదరవు. పందుల కోసమే తయారైన మిశ్రమం కొని, లేబుల్ ప్రకారం వేయండి. పైన క్రోమియం, సెలీనియం ప్యాకెట్లు విడిగా వేయడం డబ్బు దండగ, పైగా ప్రమాదం.

మిశ్రమాన్ని నేరుగా బస్తాలో గుమ్మరించకండి. ముందు రెండు కిలోల నూకల్లో బాగా కలిపి, తర్వాత మొత్తం మేతలో కలపండి. లేకపోతే ఒక పందికి అంతా, ఇంకోదానికి ఏమీ లేకుండా పోతుంది. మార్చి చివర్లోనే మొదలుపెట్టండి. వడగాలి వచ్చిన రోజు వేస్తే ఆ రోజుకు ఉపయోగపడదు.

6. మేత వేళలు

తెల్లవారుజామున, పొద్దు గూకాక పెట్టండి. మధ్యాహ్నం తిననిస్తే అరిగే వేడి, ఎండ వేడి కలుస్తాయి.

పంది పడిపోతే

నీడలోకి చేర్చి, కాళ్లు, పొట్ట మీద మామూలు నీళ్లు చల్లుతూ ఫ్యాన్ పెట్టండి. ఐసు నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించవద్దు. నోట్లో నీళ్లు బలవంతంగా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది.

ఒకే కొట్టంలో గొర్రెలూ ఉంటే పందుల మిశ్రమం వాటికి అందకుండా దాచండి. అందులోని రాగి గొర్రెలను చంపేస్తుంది.