లైట్లు వేస్తే ఇంజన్ వేడెక్కుతోందా? సెకండ్ హ్యాండ్ సెవెన్ కారు ఇంటికి తెచ్చుకునేటప్పుడు వచ్చే సమస్యలు - పరిష్కారాలు

"అన్నా, కారు వేడెక్కిపోతోంది, రోడ్డు పక్కన ఆపేశాను." ఇంగ్లండ్‌లో ఉంటూ సెవెన్ తరహా (తేలికపాటి రెండు సీట్ల స్పోర్ట్స్) కారు కొన్న మనవాళ్ల దగ్గర నుంచి నాకు వచ్చే ఫోన్ ఇది. నేను అడిగేది ఒకటే: ఎర్త్ వైరు చూశావా? చూసి ఉండరు. రేడియేటర్ చూస్తారు, నీళ్లు పోస్తారు, థర్మోస్టాట్ మార్చాలా అని అడుగుతారు. రెండు నిమిషాల్లో అయ్యే పని మాత్రం చేయరు. అందుకే రాస్తున్నాను.

1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ దీనికి మూలం. 1973లో ఆ హక్కులు కేటర్‌హామ్ చేతికి వెళ్లాయి. అదే పద్ధతిలో వెస్ట్‌ఫీల్డ్ లాంటి కిట్లు (విడిభాగాలుగా కొని మనమే బిగించుకునే కార్లు) వచ్చాయి, పాత ఫోర్డ్ సియెర్రానో ఎస్కార్ట్‌నో విప్పి ఆ సామానుతో షెడ్డులో జనం సొంతంగా కట్టుకున్నవీ వచ్చాయి. బరువు 500-600 కిలోలు. సన్నటి స్టీలు గొట్టాల ఛాసిస్ (కారు చట్రం), దాని మీద అల్యూమినియం రేకులు, ముక్కూ మడ్‌గార్డులూ ఫైబర్. ఈ నిర్మాణం గుర్తుపెట్టుకోండి, అసలు తిప్పలు ఇక్కడే ఉన్నాయి.

ఇన్సూరెన్సు, లాగ్‌బుక్‌లోని (బ్రిటన్ రిజిస్ట్రేషన్ పత్రం) ఛాసిస్ నంబరు కారు మీద ఉన్నదానితో కలవడం, ఎంఓటీ (అక్కడ ఏటా చేసే వాహన తనిఖీ) చరిత్ర, ఇవన్నీ చూసుకునే బయల్దేరారనుకుంటాను. ఒక్క మాట: బ్రిటన్‌లో పాత యజమాని కట్టిన రోడ్డు ట్యాక్స్ కొత్తవాళ్లకు రాదు. కారు కదిలించే ముందే మీ పేరు మీద కట్టాలి.

స్టీరింగ్ వణుకుతోంది

యాభై మైళ్ల వేగం దగ్గర మొదలై, పది మైళ్లు నడిచాక తగ్గితే, చలికాలమంతా ఒకేచోట నిలబడి టైర్లు ఒక పక్క చదునైపోయాయి. అంతే. తగ్గకపోతే ముందు గాలి చూడండి. మామూలు కారులాగా 30 పీఎస్ఐ కొట్టించేస్తారు. ఇంత తేలికైన కారుకు చాలావరకు 18-20 చాలు. ఎక్కువైతే రోడ్డు మీద గంతులేస్తుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా చదవండి. 2312 అంటే 2012లో 23వ వారం. ఏడాదికి వెయ్యి మైళ్లు తిరిగే కారుకు టైరు అరగదు, కానీ రబ్బరు గట్టిపడిపోతుంది. చూడ్డానికి కొత్తగా ఉండే ఆ టైరు వానలో అస్సలు పట్టదు. పదేళ్లు దాటితే మార్చాల్సిందే.

ఇరవై మైళ్లు వెళ్లాక ఆగిపోతోంది, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతోంది

పెట్రోలు ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే, ట్యాంకుకు గాలి వెళ్లే సన్న గొట్టం మూసుకుపోయింది. పది మైళ్లకొకసారి ఆపి మూత తీసి పెట్టుకుంటూ ఇంటికి వచ్చేయొచ్చు, తర్వాత గొట్టం ఊది శుభ్రం చేయండి. చప్పుడు లేకపోతే ఫిల్టరు చూడండి. పాత రబ్బరు పైపులను ఈ10 పెట్రోలు (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) తినేస్తుంది. బ్రిటన్‌లో 2021 నుంచి బంకుల్లో మామూలుగా దొరికేది అదే. ఆ నల్ల పొడి ఫిల్టరులో పేరుకుంటుంది. పైపులు ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 రకంవి వేయించండి.

లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు లేస్తోంది

ఇప్పుడు అసలు విషయం. నా మొదటి సెవెన్ లింకన్ దగ్గర కొన్నాను. నవంబరు నెల, నాలుగున్నరకే చీకటి. ఏ46 రోడ్డు మీద లెస్టర్ వైపు వస్తూ హెడ్‌లైట్లు వేశాను. ముల్లు 80 నుంచి 105కి లేచింది. గుండె ఆగినంత పనైంది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి లేదు, పొంగు లేదు, రేడియేటర్ పై గొట్టం మామూలు వేడిగానే ఉంది. మళ్లీ బయల్దేరాను. న్యూఆర్క్ దాటాక ఒక రౌండబౌట్ దగ్గర ఇండికేటర్ వేశాను. ఇండికేటర్ టిక్ టిక్ అన్నప్పుడల్లా ముల్లు కూడా దానితోపాటు ఊగింది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది, కాలేదు. ఇంటికొచ్చి థర్మోస్టాట్ మార్చాను, సెన్సారు మార్చాను, రేడియేటర్ కడిగాను. రెండు వారాంతాలు పోయాయి. మూడో వారం రోడ్డు మీద యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంజన్ తగ్గలేదు. క్లచ్ నొక్కి, తాళం తిప్పి ఆపేశాను. యాక్సిలరేటర్ కేబుల్ ముట్టుకుంటే వేలు చుర్రుమంది. లోపలి ప్లాస్టిక్ తొడుగు కరిగి తీగకు అతుక్కుపోయింది.

కారణం ఇది. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, అంటే ఛాసిస్‌తో దానికి విద్యుత్ సంబంధం లేదు. రెండిటినీ కలపడానికి ఒక లావుపాటి ఎర్త్ వైరు ఉండాలి. కట్టినవాళ్లు ఛాసిస్‌కు అందంగా పౌడర్ కోటింగ్ వేయించి, ఆ పెయింటు మీదనే ఎర్త్ వైరు రింగు పెట్టి బోల్టు బిగిస్తారు. కొత్తలో బోల్టు మరల గుండా కరెంటు పోతుంది, కారు బాగానే నడుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ తుప్పు పడుతుంది. అప్పుడు ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య కరెంటు తనకు దొరికిన దారి పడుతుంది: యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్. స్టార్టర్ (ఇంజన్‌ను తిప్పి స్టార్టు చేసే మోటారు) తీసుకునే వందల యాంపియర్లు ఆ సన్న తీగలో పోతే అది కరగక ఏమవుతుంది? ముల్లు సంగతీ అంతే. సెన్సారు ఎర్త్ ఇంజన్‌ది, మీటరు ఎర్త్ ఛాసిస్‌ది. లైట్లు వేయగానే ఆ రెండిటి మధ్య వోల్టేజి తేడా వస్తుంది, మీటరు దాన్ని వేడిగా చూపిస్తుంది. ఇంజన్ చల్లగానే ఉంటుంది.

వేడి మీద స్టార్టర్ నీరసంగా తిరగడం, బ్రేక్ నొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం, ఇవీ చాలాసార్లు ఈ ఇంటి పిల్లలే. స్టార్టర్ సైలెన్సర్ పైపు పక్కనుంది కాబట్టి వేడికి అలా అవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. నమ్మే ముందు కొలవండి.

మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోలు మీద, పట్టీ మీద కాదు, సరిగ్గా పోలు మీద పెట్టండి. రెండో కొన ఇంజన్ మీద పెయింటు లేని చోట పెట్టి స్టార్టు చేయించండి. 0.3 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టు. 0.5 దాటితే దొంగ దొరికినట్టే. మీటరు లేదా? జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజన్‌కు తగిలించండి. స్టార్టర్ ఒక్కసారిగా హుషారుగా తిరిగి, ముల్లు కిందికి దిగితే ఇంకేం చూడక్కర్లేదు. కారు కొనే చోటే, డబ్బు చేతిలో పెట్టకముందే ఇది చేయండి.

దారిలో అయితే ఆ జంపర్ కేబుల్‌ను సైలెన్సర్ పైపుకూ స్టీరింగ్ రాడ్‌కూ తగలకుండా గట్టిగా కట్టుకుని ఇంటికి రండి. ఇంటి దగ్గర బోల్టు విప్పి, రింగు కింద ఎమెరీ పేపరుతో మెరిసే లోహం కనబడేదాకా గీకండి. పళ్ల వాషరు వేసి బిగించి, పైన వ్యాజిలిన్ పూయండి. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు ఒకటి, ఇంజన్ నుంచి ఛాసిస్‌కు ఒకటి, 25 చదరపు మిల్లీమీటర్ల వైర్లు వేయండి. ఫైబర్ మడ్‌గార్డుల మీది లైట్లకు విడిగా ఎర్త్ వైరు లాగండి, ఫైబర్ కరెంటు మోయదు. యాక్సిలరేటర్ కేబుల్ బాగానే కదులుతున్నట్టున్నా కొత్తది వేయండి. ఒకసారి కాలిన తొడుగును నమ్మొద్దు.

నిజంగానే వేడెక్కితే

రేడియేటర్ గొట్టం ముట్టుకోలేనంత వేడిగా, గట్టిగా ఉబ్బి, ముల్లు లైట్లతో సంబంధం లేకుండా లేస్తే, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరుగుతుంటే లోపల గాలి బుడగ ఉండొచ్చు. సెవెన్‌లో రేడియేటర్ ఇంజన్ కన్నా కిందుగా ఉంటుంది, గాలి పైనే ఇరుక్కుంటుంది. ఇంజన్ చల్లారాక నీళ్లు నింపి గాలి తీయండి.

బ్రేక్ పెడల్ రాయిలా ఉందని కొందరు భయపడతారు. ఈ కార్లలో చాలావాటికి సర్వో (పెడల్‌ను తేలిక చేసే భాగం) ఉండదు, అలాగే ఉంటుంది. పెడల్ లోతుకు పోతేనే సమస్య. పోతే నడపకండి, ట్రైలర్ మీద తెచ్చుకోండి. హెడ్ గ్యాస్కెట్, గేర్‌బాక్స్ బేరింగులు, డిఫరెన్షియల్, ఇవి దారిలో పోయేవి చాలా అరుదు, పోతే రోడ్డు మీద మీరు చేయగలిగిందీ ఏమీ లేదు.

బయల్దేరే ముందు ఒకసారి, ముప్పై మైళ్ల తర్వాత ఒకసారి, ఇంటికొచ్చాక చక్రాలు చల్లారిన తర్వాత ఇంకొకసారి వీల్ నట్లు టార్క్ రెంచితో (ఎంత బిగువు ఉందో కొలిచే పానా) చూడండి. మూడోసారి చాలామంది మానేస్తారు. నాకు రెండు కార్లలో వదులైన నట్టు దొరికింది ఆ మూడోసారే.